పాకే పాప, కొత్త కుక్కపిల్ల, ఇద్దరికీ ఒకటే నేల: ఒక కేసు పూర్తి వివరాలు

విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే కుటుంబం శ్రావణ మాసంలో ఒక కుక్కపిల్లని నా క్లినిక్‌కి తెచ్చింది. ఆడపిల్ల, నాటు జాతి, గోధుమ రంగు. పేరు బ్రౌనీ. సెల్లార్‌లో ఈనిన వీధికుక్క పిల్లల్లో ఇది ఒకటి. తల్లి కనబడకుండా పోయాక ఏడేళ్ళ బాబు దీన్ని ఇంట్లోకి తెచ్చేసుకున్నాడు. ఇంట్లో వాడు, అమ్మానాన్నలు, నాయనమ్మ, పది నెలల చెల్లెలు. చెల్లెలు అప్పుడే జోరుగా పాకుతోంది.

వాళ్ళు చెప్పిన సమస్యలు రెండు. ఎక్కడ పడితే అక్కడ ఒంటికి, రెంటికి వెళ్తోంది. ఒంటినిండా పేలు ఉన్నాయి. మూడోది వాళ్ళు చెప్పలేదు, నేనే చూశాను. తల్లి ఒళ్ళో ఉన్న పాప పిక్కల మీద, చీలమండల చుట్టూ, చిన్న చిన్న ఎర్ర దద్దుర్లు గుంపులుగా ఉన్నాయి. దోమలని అనుకుంటున్నామని తల్లి అంది. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది: “డాక్టర్ గారూ, దీన్ని ఉంచుకోవచ్చా, వదిలేయమంటారా? పాప ఉంది కదా, అదే టెన్షన్.”

ఉంచుకోవచ్చని చెప్పాను. కానీ కుక్కకి మందు వేసి ఊరుకుంటే ఈ ఇంట్లో సరిపోదని కూడా అప్పుడే చెప్పాను. పాకే బిడ్డ రోజంతా ఎక్కడ ఉంటుందో కుక్కపిల్ల కూడా అక్కడే ఉంటుంది. ఒకరు ఒంటికి పోసిన చోట ఇంకొకరు అరచేతులు ఆనిస్తారు. ఒకరి ఒంటి మీంచి రాలిన పురుగుల గుడ్లు ఇంకొకరి బొంతలో పొదుగుతాయి. కుక్కపిల్లకి వేసే ప్రతి మందూ, నేల మీద చల్లే ప్రతి పొడీ పాప నోటి దాకా వెళ్తుందనే లెక్కతో నిర్ణయాలు తీసుకోవాలి. ఒంటికి, రెంటికి అలవాటు చేయడం ఒక పని, ఫ్లీల (రక్తం తాగే, గెంతే చిన్న పురుగుల) చికిత్స ఇంకో పని అని మామూలుగా విడదీస్తాం. ఈ ఇంట్లో ఆ రెండూ ఒకే పని.

పరీక్షలో కనబడినవి

బరువు 1.6 కిలోలు. పాలపళ్ళన్నీ వచ్చేశాయి కాబట్టి వయసు ఏడెనిమిది వారాలు ఉండొచ్చు. పొట్ట ఉబ్బి ఉంది, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు గులాబీ రంగులో లేవు, పాలిపోయి ఉన్నాయి.

ఇంట్లోవాళ్ళు పేలు అన్నవి పేలు కావు, ఫ్లీలు. పాప కాళ్ళ మీది దద్దుర్లూ వీటి కాట్లే. తేడా తెలుసుకోవాలి, ఎందుకంటే చికిత్స మారుతుంది. పేను వెంట్రుకకి అంటిపెట్టుకుని నెమ్మదిగా కదులుతుంది. పిడుదు చర్మంలోకి తల గుచ్చి, రక్తం తాగి ఉబ్బి, కదలకుండా ఉంటుంది. ఫ్లీ పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. వెంట్రుకల మధ్య పరుగెత్తి, దొరికేలోపు గెంతేస్తుంది. చాలాసార్లు పురుగు కనబడదు, దాని రెట్ట మాత్రం కనబడుతుంది. తోక మొదట్లో వెంట్రుకలు విడదీస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు ఉన్నాయి. సన్నపళ్ళ దువ్వెనతో ఆ నలుసుల్ని తడి దూది మీదికి దులిపాను. కొద్ది క్షణాల్లో ఒక్కో నలుసు చుట్టూ తుప్పు రంగు వలయం పాకింది. మట్టి అయితే అలా ఎర్రబడదు. ఫ్లీ రెట్ట అంటే అరగని రక్తమే. ఆ దూదిని నాయనమ్మకి చూపించాను. “ఇదంతా దీని నెత్తురేనా?” అంది. అవును. చిగుళ్ళు పాలిపోవడానికి సగం కారణం అదే.

మిగతా సగం పేగుల్లో ఉంది. మలం పరీక్షలో ఏలిక పాముల గుడ్లు, కొంకి పురుగుల గుడ్లు కనబడ్డాయి. మలద్వారం దగ్గర వెంట్రుకలకి బియ్యపు గింజల్లాంటివి రెండు మూడు అంటుకుని ఉన్నాయి. అవి బద్దె పురుగు ముక్కలు. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 22 శాతం వచ్చింది. ఈ వయసు పిల్లకి 30కి కాస్త అటూ ఇటూ ఉండాలి. రక్తం ఎక్కించాల్సిన స్థితి కాదు, కానీ వారం రోజులు చూద్దాం అని వదిలేసే స్థితి కూడా కాదు.

బద్దె పురుగు సంగతి తల్లిదండ్రులకి విడమరచి చెప్పాల్సి వచ్చింది. ఈ రకం బద్దె పురుగు మలం నుంచి నేరుగా మనిషికి రాదు. ఫ్లీ పిల్లదశలో ఉండగా దాని గుడ్లు తింటుంది, పెద్దదయ్యాక ఆ ఫ్లీని కుక్క కొరికి మింగినప్పుడు కుక్కకి వస్తుంది. పిల్లలకీ దారి అదే. నేల మీదో, కుక్క మూతి మీదో ఉన్న ఫ్లీ పొరపాటున నోట్లోకి పోవాలి. తరచుగా జరిగేది కాదు, జరిగితే వైద్యం ఉంది. పాప డైపర్‌లో బియ్యపు గింజల్లాంటివి కనబడితే పిల్లల డాక్టర్‌కి చూపించమని చెప్పాను. కుక్కకి నట్టల మందు ఎన్నిసార్లు తాగించినా, ఫ్లీలు పోనంతకాలం బద్దె పురుగు మళ్ళీ వస్తూనే ఉంటుందని కూడా చెప్పాను.

బాబు చేతి మీద గీతలు

చికిత్స మొదలుపెట్టేముందు ఒక ముఖ్యమైన విషయం. బాబు ముంజేతి మీద సన్నటి గీతలు ఉన్నాయి. ఆడుకుంటూ పళ్ళు దింపిందట, చిన్నపిల్ల పళ్ళే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తల్లి ఎవరో, దానికి ఏమైందో తెలియని వీధికుక్క పిల్ల ఇది. రేబిస్‌కి కుక్కపిల్ల, పెద్దకుక్క అన్న తేడా లేదు. రక్తం రాకపోయినా, చర్మం మీద గీత పడితే టీకా వేయించుకోవాల్సిందే. సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగడం మొదటి పని. గీతలు పడి ఒకరోజు దాటిపోయినా కడిగించి, అక్కడి నుంచే ప్రభుత్వాసుపత్రికి పంపాను. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు. ఏ రోజూ తప్పకూడదు. తండ్రి కాస్త విసుక్కున్నాడు. నేను ఈ విషయంలో ఎవరి విసుగునీ లెక్కచేయను. లక్షణాలు మొదలయ్యాక వైద్యం లేని జబ్బు ఇది. కుక్కపిల్లని తెచ్చిన రోజునే ఈ మాట చెప్పేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉండాలని నా కోరిక.

ఇంట్లో అప్పటికే వాడినవి

మందు రాసేముందు ఇంట్లో ఇప్పటిదాకా ఏం వాడారో అడుగుతాను. అడగకపోతే ఎవరూ చెప్పరు. ఈ ఇంటి జాబితా చూడండి. దివాన్ మంచం కింద, గుమ్మాల దగ్గర పురుగుల చాక్‌పీసుతో గీతలు గీశారు. నేలకి రోజుకి రెండుసార్లు ఫినాయిల్ పెడుతున్నారు. బొంతల మధ్య నాఫ్తలీన్ ఉండలు ఉన్నాయి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి కుక్కపిల్లకి రాశారు. ఇవి కాక, ఊళ్ళో చుట్టాలు గేదెల గోమార్లకి (పిడుదులకి) వాడే డెల్టామెత్రిన్ అనే పురుగుమందు సీసా ఒకటి పంపారు. అదృష్టం కొద్దీ దాని మూత ఇంకా తీయలేదు.

ఇవన్నీ ప్రేమతో చేసినవే. కానీ పాకే పాప ఉన్న ఇంట్లో వీటిలో ఒక్కటీ ఉండకూడదు. చాక్‌పీసు గీతలో ఉండేది కూడా పురుగుమందే, పాప వేలితో తుడిచి నోట్లో పెట్టుకునే ఎత్తులో ఉంటుంది. నాఫ్తలీన్ ఉండ మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఒక ఎంజైము) లోపం ఉన్న పసిబిడ్డలకి అది మరీ ప్రమాదం, ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్ళలో తెలియనే తెలియదు. కర్పూరం పిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ తెప్పిస్తుంది, కుక్కపిల్లకీ అంతే. ఫినాయిల్ పెట్టిన నేల మీద నడిచిన కుక్కపిల్ల పాదాలు నాక్కుంటుంది, పాప అరచేతులు నాక్కుంటుంది. గేదె మందు సంగతి చెప్పనక్కరలేదు. అది నీళ్ళలో కలిపి వందల కిలోల జంతువుకి వాడే గాఢమైన మందు. కొలత తప్పి కుక్కపిల్ల ఒంటికి పట్టిస్తే చొంగ కార్చి, వణికి, పడిపోయి నా దగ్గరికి వచ్చిన కుక్కపిల్లల్ని చూశాను. పిల్లుల పరిస్థితి ఇంకా ఘోరం, ఈ వర్గంలోని పెర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీస్తుంది. వేపనూనె మాత్రం సహజమే కదా అని నాయనమ్మ అడిగింది. సహజమైనదే అయినా, పసిపిల్లలు మింగితే ఫిట్స్ దాకా తీసుకెళ్ళగలదు. రాసిన చోట కుక్క నాకితే వాంతులు అవుతాయి.

కాబట్టి మొదటి రోజు రాసిన చీటీలో మొదటి పని ఒక్కటే: గీతలు తడిగుడ్డతో తుడిచేయాలి, ఉండలు తీసేయాలి, సీసా వెనక్కి పంపేయాలి.

ఏ మందు, ఎందుకు

ఇక్కడ నాకు రెండు ఆలోచనలు ఎదురుబొదురుగా వచ్చాయి. రక్తం తగ్గిన పిల్ల కాబట్టి ఫ్లీలు వెంటనే చావాలి. ఇంట్లో పాప ఉంది కాబట్టి ఒంటిపై తడిగా ఉండే మందు ఇంటికి పోకూడదు. నోటి మాత్ర అయితే ఒంటి మీద ఏమీ మిగలదు, పాప కావలించుకున్నా భయం లేదు. కానీ నేను వాడే అఫోక్సోలనర్ మాత్రకి ఎనిమిది వారాలు నిండాలి, రెండు కిలోలు దాటాలి. ఈ పిల్లకి వయసు అనుమానం, బరువు చాలదు. ఫిప్రోనిల్ 0.25 శాతం స్ప్రే అయితే రెండు రోజుల పిల్లకి కూడా వాడొచ్చు.

అందుకని మొదట స్ప్రే ఎంచుకున్నాను, ఇంట్లో కాదు, క్లినిక్‌లో. ముందు దువ్వెనతో దొరికినన్ని ఫ్లీలు తీసి సబ్బునీళ్ళలో వేశాం. తర్వాత గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి, కిలోకి 3 నుంచి 6 మి.లీ. లెక్కన వెంట్రుకలకి ఎదురుదిశలో స్ప్రే చేసి రుద్దాం. ముఖానికి నేరుగా కొట్టలేదు, గ్లవ్ వేలితో అద్దాం. ఈ స్ప్రేలో స్పిరిట్ ఉంటుంది. అది ఆరేదాకా దీపానికీ, గ్యాస్ పొయ్యికీ దూరంగా ఉంచాలి. శ్రావణ మాసం ఇల్లు, రోజూ దీపం వెలిగే ఇల్లు, అందుకే ఈ మాట గట్టిగా చెప్పాను. స్పిరిట్ ఆరేటప్పుడు చిన్నపిల్లకి చలి పుడుతుంది, వెచ్చటి గుడ్డలో పెట్టి చూసుకోవాలి. ఆ రాత్రి బ్రౌనీని క్లినిక్‌లోనే ఉంచుకున్నాను. తెల్లారి ఒళ్ళు పూర్తిగా ఆరాక ఇంటికి పంపాను. ఇంకో రోజు దాకా పాపని దాని పక్కన పడుకోబెట్టొద్దని, రెండు రోజులు స్నానం చేయించొద్దని చెప్పాను. అప్పటిదాకా వాళ్ళు రోజూ షాంపూతో రుద్దుతున్నారు. అలా రుద్దితే మందు నిలవదు.

నట్టల మందు, ఐరన్ చుక్కలు అదే రోజు మొదలుపెట్టాం. నట్టల మందు రెండు వారాలకి మళ్ళీ వేయాలి.

బరువు 2.3 కిలోలకి వచ్చాక, స్ప్రే ప్రభావం తగ్గే సమయానికి, అఫోక్సోలనర్ మాత్రకి మారాం. ఈ వర్గం మందుల గురించి 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది, కొన్ని కుక్కల్లో వణుకు, ఫిట్స్ రావొచ్చని. అందుకే ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకి నేను ఇవ్వను, మాత్ర వేసిన ప్రతి ఇంటికీ ఏం గమనించాలో చెప్తాను. బ్రౌనీకి ఏ ఇబ్బందీ రాలేదు. పాప ఉన్న ఇళ్ళలో నా మొగ్గు మాత్రవైపే. బిడ్డ చేతికి అంటేది ఏమీ ఉండదు, పెద్దవాళ్ళకి రోజంతా కాపలా తప్పుతుంది. మాత్ర పెట్టెని మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయాలి. మాంసం రుచి ఉండే మాత్రలు ఇవి, పిల్లలు తినేది అనుకుంటారు.

గుడ్లు కుక్క మీద ఉండవు

ఫ్లీ ఎక్కువమంది అనుకునేట్టు కుక్క ఒంటి మీదే కాపురం చేసే పురుగు కాదు. పెద్ద ఫ్లీ మాత్రమే ఒంటి మీద ఉంటుంది. ఆడ ఫ్లీ రోజుకి 40, 50 గుడ్లు దాకా పెట్టగలదు. అవి జిగురు లేని గుడ్లు, కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్ళు దులిపితే అక్కడ రాలిపోతాయి. పొదిగిన పిల్లపురుగులు వెలుతురుకి భయపడి చీకటిమూలకి, టైల్స్ సందుల్లోకి, పరుపు కిందికి పాకుతాయి. పైనుంచి రాలే ఫ్లీ రెట్టే వాటి తిండి. తర్వాత చుట్టూ గూడు అల్లుకుంటాయి. గూడు జిగురుగా ఉండి దుమ్ము అంటించుకుంటుంది, కంటికి ఆనదు, మందుకి లొంగదు. వేడి, తేమ బాగుంటే మొత్తం చక్రం మూడు వారాల్లో ముగుస్తుంది. బాగాలేకపోతే గూట్లో నెలల తరబడి ఆగుతుంది. కృష్ణా తీరంలో వానాకాలం అంటే వాటికి అన్నీ అమరినట్టే.

ఆ ఇల్లు ఒకసారి చూశాను. గుడ్లు రాలే చోట్లు నాలుగే: దివాన్ కింద, పాప బొంత, వంటింటి గుమ్మం దగ్గరి గోనెపట్టా, నాయనమ్మ చాప. బొంతలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి, డాబా మీద మంచి ఎండలో ఆరేయమన్నాను. పిల్లపురుగులు ఎండని, పొడిగాలిని తట్టుకోలేవు. దివాన్ రోజూ జరిపి, వాక్యూమ్ ఉంటే దానితో, లేకపోతే చీపురుతో ఊడ్చి, ఆ చెత్తని సబ్బునీళ్ళలో వేసి, తర్వాత తడిగుడ్డ పెట్టమన్నాను. పొడిగా ఊడ్చి చెత్తబుట్టలో వేస్తే గుడ్లు బుట్టలోంచి మళ్ళీ ఇంట్లోకే వస్తాయి. కుక్కపిల్ల పడకకి పరుపు కొనొద్దన్నాను. నాయనమ్మ పాత నూలు చీరలు నాలుగు మడతలుగా వేసి అట్టపెట్టెలో పరిచింది. రెండు రోజులకి ఒక చీర మార్చి వేడినీళ్ళలో వేయడం ఆవిడే చూసుకుంది. ఉతకడానికి వీలైన పడకే ఫ్లీల విషయంలో మంచి పడక.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలుద్దామా అని తండ్రి అడిగాడు. టైల్స్ నేల, కార్పెట్ లేదు, చోట్లు తెలిసిపోయాయి. అక్కరలేదన్నాను. తప్పనిసరి అయితే ఫ్లీ ఎదగకుండా ఆపే పైరిప్రాక్సిఫెన్ లాంటి మందు అడగాలి. పిల్లల బొమ్మలన్నీ ఎత్తేసి, అందరూ బయటికి వెళ్ళి, నేల పూర్తిగా ఆరాకే లోపలికి రావాలి.

ఒంటికి, రెంటికి

ఇప్పుడు అలవాటు సంగతి. బ్రౌనీ ఎక్కడ పడితే అక్కడ పోస్తోంది అన్నారు కానీ, చోట్లు అడిగితే ఒక వరస కనబడింది. గోనెపట్టా మీద, పాప బొంత మీద, ఉతకడానికి పడేసిన బట్టల మీద. ఖాళీ టైల్స్ మీద చాలా తక్కువ. పుట్టిన దగ్గర్నుంచి సెల్లార్ పక్క ఇసుకలో పోసిన పిల్ల ఇది. పాదాల కింద మెత్తగా, పీల్చుకునేదిగా ఉంటే అదే చోటు అనుకుంటుంది. టైల్స్ మీద చిమ్ముతుంది కాబట్టి దానికి నచ్చదు. వాళ్ళు మొండితనం అనుకున్నది నిజానికి అది నేర్చుకున్న పాఠం.

దీనికి విరుగుడు ఆ పాఠాన్నే వాడుకోవడం. తాపీమేస్త్రీలు సిమెంటు కలిపే ప్లాస్టిక్ గమేళా ఒకటి, ఇసుకతో నింపి బాల్కనీలో పెట్టమన్నాను. పేపరు పరిచి నేర్పడం కన్నా ఈ పిల్లకి ఇదే త్వరగా పట్టుబడుతుంది. బయట వీధిలోకి ఇంకా తీసుకెళ్ళకూడదు. టీకాలు పూర్తికాని పిల్లకి పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) భయం ఉంది, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

అయితే ఇసుక తొట్టి నాకు కూడా ఆలోచించాల్సిన విషయమే. తడిసిన ఇసుక నీడలో ఉంటే అందులోనే ఫ్లీ పిల్లలు, కొంకి పురుగు పిల్లలు పెరుగుతాయి. పాప చేతికి ఇసుక అందితే నోటికే. అందుకని నియమాలు గట్టిగా పెట్టాను. తొట్టి ఎండ పడే వైపు ఉండాలి. బాల్కనీ తలుపుకి పాప దాటలేని అడ్డం ఉండాలి. మలం పడిన వెంటనే తీయాలి. ఏలిక పాముల గుడ్లు బయటపడ్డాక మనిషికి అంటే స్థితికి రావడానికి సుమారు రెండు మూడు వారాలు పడుతుంది, కొంకి పురుగుకి వారం చాలు. వెంటనే తీసేస్తే ఆ సమయమే దానికి దొరకదు. ఇసుక వారానికోసారి మార్చాలి. మలం తీసే పని పెద్దవాళ్ళది, బాబుది కాదు.

ఇంట్లో ఉన్న గోనెపట్టాలన్నీ ఎత్తేయించాను. పాప బొంత పరిచినంతసేపూ కుక్కపిల్ల అడ్డం అవతల ఉండాలి. రెండు కుర్చీలు, ఒక ప్లైవుడ్ చెక్కతో హాల్లో ఒక మూల దానికి చోటు కట్టారు. ఎవరి కళ్ళూ దాని మీద లేనప్పుడు అది అందులో ఉంటుంది. మనం పనిలో పడి చూడనప్పుడు పిల్ల తప్పు చేస్తుంది, తప్పు చేసిన చోట వాసన మిగులుతుంది, వాసన మళ్ళీ పిలుస్తుంది. ఈ గొలుసు తెంపాలి.

బాబుకి ఒక పని ఇచ్చాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, అది నిద్రలేచిన, తిన్న, ఒంటికి, రెంటికి వెళ్ళిన సమయాలు రంగు పెన్నులతో రాయాలి. వాడు శ్రద్ధగా రాశాడు. ఆ కాగితం చూస్తే, నిద్ర లేచిన అయిదు నిమిషాల్లో ఒంటికి, తిన్న పావుగంట, ఇరవై నిమిషాల్లో రెంటికి. మధ్యలో పాలన్నం గిన్నె ఎప్పుడూ కింద ఉండడం వల్ల రెంటికి వెళ్ళడానికి వేళాపాళా లేదు, పైగా పలచగా అవుతోంది. పాలు ఆపి, రోజుకి నాలుగు పూటలు, వేళకి పెట్టి, పది నిమిషాల్లో గిన్నె తీసేయమన్నాను. మలం గట్టిపడింది, వేళ కుదిరింది. వేళ కుదిరితే సగం అలవాటు అయినట్టే.

మొదట్లో పగలు ప్రతి గంటకీ, నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆగగానే తొట్టి దగ్గరికి ఎత్తుకెళ్ళాలి. పని అవుతుండగా ఒకటే మాట అనాలి, అవగానే అక్కడే చిన్న చికెన్ ముక్క పెట్టాలి. హాల్లోకి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఈ ఇంట్లో తెల్లవారుజాము కష్టం అవుతుందనుకున్నారు. కానీ నాయనమ్మ నాలుగున్నరకే లేచి మడి కట్టుకునే మనిషి. స్నానానికి ముందు దాన్ని తొట్టి దగ్గర దింపి, “కానీ తల్లీ, కానీ” అనేది. మూడో వారానికి ఆ మాట వింటే చాలు, తొట్టిలో కూర్చునేది. ఆ ఇంట్లో దానికి అసలైన గురువు ఆవిడే.

తప్పు జరిగినప్పుడు ముక్కు అందులో రుద్దడం, చెప్పు విసరడం ఆపమన్నాను. అలా చేస్తే పోయకూడదని నేర్చుకోదు, మనిషి ముందు పోయకూడదని నేర్చుకుంటుంది. అప్పుడు దివాన్ వెనక దాక్కుని పోస్తుంది, అక్కడే ఫ్లీల అడ్డా కూడా. శుభ్రం చేయడానికి ముందు పాతగుడ్డతో అద్ది తడి పీల్చాలి, తర్వాత ఎంజైములున్న బట్టల డిటర్జెంట్ కలిపిన నీళ్ళు, చివర మంచినీళ్ళు. బ్లీచింగ్ పౌడర్ మూత్రం మీద చల్లితే ఘాటైన ఆవిర్లు వస్తాయి, పసిబిడ్డ ఉన్న గదిలో అది వద్దు. డిటర్జెంట్ వాసన ఆరేదాకా పాపని దింపకూడదు.

మూడో వారం

మూడో వారంలో తల్లి ఫోన్ చేసింది. గొంతులో నిరాశ. “మళ్ళీ పురుగులు కనబడుతున్నాయి డాక్టర్ గారూ, మందు పనిచేయలేదు.” పనిచేస్తోందని చెప్పాను. మందు వేసే ముందు రాలిన గుడ్లు అప్పటికి గూళ్ళు దాటి బయటికొస్తున్నాయి. కొత్తగా పుట్టిన ఫ్లీ ఒంటిమీదికి ఎక్కుతుంది, మందు తగిలి గుడ్లు పెట్టేలోపే చస్తుంది. దువ్వెనలో కనబడేవి ఎక్కువగా చచ్చినవో, సొమ్మసిల్లినవో అవుతాయి, రెట్ట తక్కువ ఉంటుంది. చూసి చెప్పమన్నాను. అలాగే ఉంది. ఇక్కడే చాలా ఇళ్ళు భయపడి రెండో మందు, దాని మీద మూడో మందు వేస్తాయి, పిల్లలకి ముప్పు వచ్చేది కూడా ఇక్కడే. మందు మార్చలేదు, మోతాదు పెంచలేదు. ఊడ్చడం, ఉతకడం ఆపొద్దన్నాను. నెలన్నర తిరిగేసరికి తడి దూది మీద ఎర్ర వలయం రాలేదు. చిగుళ్ళు గులాబీ రంగుకి వచ్చాయి, హెమటోక్రిట్ 31. పాప దద్దుర్లు పిల్లల డాక్టర్ రాసిన మందుతో తగ్గాయి, కొత్తవి రాలేదు.

అలవాటులో ఒక చిక్కు మిగిలింది. తండ్రి ఆఫీసు నుంచి వచ్చి గట్టిగా పిలవగానే బ్రౌనీ వెల్లకిలా పడుకుని, చెవులు వెనక్కి వాల్చి, కొన్ని చుక్కలు పోసేది. ఇది అలవాటు తప్పడం కాదు. పెద్ద గొంతుకి, మీదికి వంగిన ఆకారానికి లొంగిపోతున్నట్టు చెప్పే తీరు. తిడితే ఎక్కువవుతుంది. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకుని, వచ్చిన అయిదు నిమిషాలు దాన్ని చూడకుండా, మాట్లాడకుండా ఉండమని, తర్వాత పక్కకి తిరిగి కింద కూర్చుని చెయ్యి చాపమని ఆయనకి చెప్పాను. ఆయనకి అది కష్టంగానే అనిపించింది, కానీ చేశారు. ఎదిగేకొద్దీ పోవాలి. ప్రస్తుతానికి వారంలో ఒకటి రెండు సార్లు జరుగుతోంది.

మూడు నెలలు నిండాక బ్రౌనీకి రేబిస్ టీకా వేశాను, మిగతా టీకాలు వరసగా నడుస్తున్నాయి. టీకాలు ముగిశాక తొట్టిని కొద్దికొద్దిగా డాబా మీదికి, అక్కడి నుంచి కింద మట్టి జాగాలోకి జరపాలన్నది ప్రణాళిక. మాత్ర ప్రతి నెలా ఇవ్వాలి, ఎండాకాలంలో కూడా. సెల్లార్‌లో పడుకునే కుక్కలు, మెట్ల మీద తిరిగే పిల్లులు అక్కడే ఉన్నాయి కాబట్టి ఫ్లీలు బయటి నుంచి వస్తూనే ఉంటాయి. ఆ అపార్ట్‌మెంటు వాళ్ళు నలుగురు కలిసి సెల్లార్ కుక్కలకి నట్టల మందు, ఫ్లీల మందు, టీకాలు వేయించడానికి డబ్బు పోగు చేస్తున్నారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కోసం వాటిని ఎప్పుడు పట్టాలో వచ్చే వారం మాట్లాడుకుంటాం.